పాత క్రూజ్ ప్రయాణాలకు ఇప్పుడు లాయల్టీ క్రెడిట్ అడగడం ఎలా?

తెరచాప

1990లలో చేసిన క్రూజ్‌లు ఇప్పటి లాయల్టీ ఖాతాలో (తరచూ ప్రయాణించేవారికి కంపెనీ పాయింట్లు, హోదా లెక్కగట్టే ఖాతా) కనబడకపోతే వాటిని ఎక్కించుకునే దారి ఏమిటి? రాయల్ కరీబియన్, ప్రిన్సెస్ క్రూజ్ కంపెనీలు రెండింటి సంగతీ కావాలి. బుకింగ్ నంబర్లు లేవు, అప్పటి సభ్యత్వ నంబరూ లేదు. ఉన్నవల్లా ఒక లగేజీ ట్యాగు, ఆఖరి రోజు ఇచ్చిన బిల్లు, కొన్ని ఫోటోలు. ఓడ పేరు తెలిసి తేదీ తెలియనివి కూడా ఉన్నాయి. ఏది ముందు చేయాలో వరుసగా చెప్పగలరా?

లంగరుతాడు

రుజువుల పెట్టె తర్వాత తెరవండి. ముందు మీ పేరు మీద ఎన్ని ఖాతాలున్నాయో తేల్చుకోండి. కనబడని ప్రయాణాల్లో చాలావరకు ఆ కంపెనీ కంప్యూటర్లోనే ఉంటాయి, కాకపోతే ఇంకో ప్రొఫైల్ కింద పడి ఉంటాయి.

బుకింగ్ జరిగిన ప్రతిసారీ ప్రయాణికుడికి ఒక ప్రొఫైల్ తయారవుతుంది. అందులోని పేరు, పుట్టినతేదీ, చిరునామా పాత ప్రొఫైల్‌తో సరిపోతేనే రెండూ ఒకటవుతాయి. అప్పట్లో చాలా బుకింగ్‌లు ఏజెంట్ల ద్వారా జరిగేవి. ఏజెంటు పూర్తి పేరుకు బదులు పొడి అక్షరం కొట్టి ఉండొచ్చు, ఇంటిపేరును అసలు పేరు గడిలో పెట్టి ఉండొచ్చు, పుట్టినతేదీ వదిలేసి ఉండొచ్చు. మీ చిరునామాకు బదులు తన ఆఫీసు చిరునామా ఇవ్వడం మరీ మామూలు. పెళ్లికి ముందు ఇంటిపేరుతో చేసిన ప్రయాణాలు విడిగా ఉండిపోవడం గురించి చెప్పనే అక్కర్లేదు.

అందుకని లాయల్టీ విభాగాన్ని మొదట అడగాల్సింది క్రెడిట్ గురించి కాదు. "నా పేరుతో ఇంకేదైనా ప్రొఫైల్ ఉందా? ఉంటే దీనిలో కలపండి" అని అడగండి. పేరు ఎన్ని రకాల స్పెల్లింగ్‌లతో పడే అవకాశం ఉందో అన్నీ ఇవ్వండి. పాత చిరునామాలు, పాత ఫోన్ నంబర్లు, ఏజెన్సీ పేరు, క్యాబిన్లో మీతో ఉన్నవారి పేర్లు కూడా ఇవ్వండి. తోడున్నవారి ఖాతాలో ఆ ప్రయాణం ఉంటే పని దాదాపు అయిపోయినట్టే. వారి రికార్డు నుంచి బుకింగ్ నంబరు దొరుకుతుంది, ఆ నంబరు కిందే మీ పేరూ ఉంటుంది.

ఒకటి మాత్రం చేయకండి. పాత నంబరు గుర్తులేదు కదా అని వెబ్‌సైట్లో కొత్తగా నమోదు కావద్దు. రెండు ప్రొఫైళ్లు మూడవుతాయి.

బాల్కనీ_బేరం

పై మాటకు చిన్న చేర్పు. కలపమని అడిగేటప్పుడు ఏ నంబరు నిలవాలో మీరే చెప్పండి. రాబోయే బుకింగ్ ఏ నంబరు మీద ఉందో అదే ఉంచమనండి. వదిలేస్తే పాతది ఉంచి కొత్తది మూసేయొచ్చు. అప్పుడు ఓడెక్కేటప్పుడు మీ బుకింగ్‌కు ఏ హోదా లేనట్టు కనబడవచ్చు.

పాతకాగితం

ఇక రుజువుల సంగతి. ఎదురుగా కూర్చున్న ఉద్యోగికి మూడు విషయాలు ఒకే కాగితం మీద కనబడాలి. మీ పేరు, ఓడ పేరు, బయల్దేరిన తేదీ. ఈ మూడూ కలిసి ఉన్నది బలమైన రుజువు. ఏ ఒక్కటి తగ్గినా దానికి తోడుగా ఇంకో కాగితం జతచేయాలి.

అన్నిటికన్నా గట్టిది ఓడ దిగే రోజు ఇచ్చే ఖాతా బిల్లు. పేరు, క్యాబిన్, తేదీలు, ఫోలియో నంబరు (ఓడ మీద మీ ఖర్చుల ఖాతా నంబరు) అన్నీ ఉంటాయి, పైగా మీరు నిజంగా ఓడ ఎక్కారని అదే చెబుతుంది. బుకింగ్ ఇన్‌వాయిస్ ఆ పని చేయలేదు, ఎందుకంటే డబ్బు కట్టాక రద్దు చేసుకున్నవాళ్ల దగ్గరా ఇన్‌వాయిస్ ఉంటుంది. అయినా దాని మీద బుకింగ్ నంబరు ఉంటుంది కాబట్టి వెతకడానికి అదే తాళంచెవి. బిల్లు, ఇన్‌వాయిస్ రెండూ ఉంటే ఇక వాదన ఉండదు.

తర్వాతి స్థానం క్రూజ్ టికెట్టుది. అప్పట్లో పుస్తకంలా కుట్టి పంపేవారు. లోపలి పేజీ, ప్రయాణికుడి దగ్గర మిగిలే రసీదు ముక్క రెండూ స్కాన్ చేయండి. లగేజీ ట్యాగును తీసిపారేయకండి. పేరు, ఓడ, తేదీ, క్యాబిన్ దాని మీద ఉన్నాయంటే అది టికెట్టుకు తీసిపోదు. చేత్తో రాసిన ట్యాగు అయితే విలువ తగ్గుతుంది.

క్యాబిన్ కార్డుల మీద పేరు, ఓడ ఉంటాయి. తేదీ కొన్నిటి మీదే ఉంటుంది. రోజూ తలుపు కింద పెట్టే కార్యక్రమాల కాగితం దీనికి సరిగ్గా తలకిందులు. ఓడ, తేదీ ఉంటాయి, పేరు ఉండదు. అంటే ఈ రెండూ ఒక జత. భూమధ్యరేఖ దాటినప్పుడు ఇచ్చే సర్టిఫికెట్ మీద మూడూ ఉన్నా, అది వినోదం కోసం ఇచ్చిన కాగితం. తోడుగానే పెట్టండి.

ఫోటోలు ఒంటరిగా పనికిరావు. ఓడ ఫోటోగ్రాఫరు తీసినవైతే వాటి అట్ట మీదో అంచు మీదో ఓడ పేరు, సంవత్సరం అచ్చువేసి ఉంటాయి. వాటిని చివర్లో కలపండి.

డెక్_ప్లాన్

పాస్‌పోర్టు ముద్రలు పనికొస్తాయి కదా? వాటి మీద తేదీ ఉంటుంది, పేరు పాస్‌పోర్టులోనే ఉంది.

పాతకాగితం

ఓడ పేరు ఉండదండీ, చిక్కంతా అక్కడే. పైగా క్రూజ్‌లో ఆగే చాలా రేవుల్లో ముద్రే వేయరు, ఓడ అధికారులు ప్రయాణికుల జాబితా అప్పగిస్తే సరిపోతుంది. ముద్రల వల్ల జరిగే మేలు వేరే. తేదీ గుర్తులేనప్పుడు ఏ వారమో తేల్చుకోవడానికి అవి మీకు ఉపయోగపడతాయి. కంపెనీకి పంపితే పాస్‌పోర్టు వివరాలన్నీ అనవసరంగా బయటికి ఇచ్చినట్టవుతుంది. క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్ కూడా అంతే. తప్పనిసరైతే ఆ ఒక్క వరుస, పేరు తప్ప మిగతాది నల్లగా కప్పేసి పంపండి.

స్కానింగ్ గురించి కూడా చెప్పేస్తాను. థర్మల్ కాగితం మీది బిల్లు ఏళ్లు గడిచేకొద్దీ వెలిసిపోతుంది, వేడి తగిలితే మొత్తం నల్లబడుతుంది. దాన్ని ల్యామినేట్ చేయడమంటే చేజేతులా చెరిపేయడమే. వెలిసిన అక్షరాలుంటే రంగుల్లో, 600 డీపీఐ స్పష్టతతో స్కాన్ చేసి కాంట్రాస్ట్ పెంచండి. కార్బన్ కాపీ టికెట్లు ఎర్ర సిరాలో గానీ ఊదా సిరాలో గానీ ఉంటే ఫోటో ఎడిటర్లో గ్రీన్ ఛానల్ (బొమ్మలోని ఆకుపచ్చ రంగు పొర) ఒక్కటే చూడండి, అక్షరాలు నల్లగా తేలతాయి. సరిచేసిన బొమ్మతో పాటు ముట్టుకోని బొమ్మనూ పంపాలి. లేకపోతే దిద్దారన్న అనుమానం వస్తుంది. అసలు కాగితం మాత్రం ఎవరికీ పోస్టులో పంపకండి.

దిక్సూచి_ఉత్తరం

తేదీ తెలియని ప్రయాణాల గురించి తెరచాప గారు అడిగారు. మొదట ఏ ఓడో తప్పుల్లేకుండా తేల్చాలి, ఎందుకంటే ఒకే పేరుతో వేర్వేరు ఓడలు తిరిగాయి. ప్రిన్సెస్‌లో ఇది మరీ ఎక్కువ. రాయల్ ప్రిన్సెస్ అనే పేరుతో 1984 నాటి ఓడ ఒకటి, 2007 నుంచి 2011 దాకా తిరిగిన చిన్న ఓడ ఒకటి, 2013లో వచ్చినది ఒకటి ఉన్నాయి. క్రౌన్ ప్రిన్సెస్ 1990లో ఒకటి, 2006లో ఇంకొకటి. స్టార్ ప్రిన్సెస్ 1989, 2002, 2025. ఓడ పేరు ఒక్కటే రాసి సంవత్సరం రాయకపోతే ఉద్యోగి ఇప్పటి ఓడ కింద వెతికి "దొరకలేదు" అని జవాబిస్తారు.

దీనికి తిరగేసిన చిక్కు ఒకే ఓడ పేరు మారడం. రాయల్ కరీబియన్ నార్డిక్ ఎంప్రెస్ 1990లో వచ్చింది, 2004లో ఎంప్రెస్ ఆఫ్ ద సీస్ అయింది. స్టార్‌డ్యాన్సర్ వైకింగ్ సెరెనేడ్ అయింది. నార్వేజియన్ క్రూజ్ లైన్ ఓడ నార్వేజియన్ స్కై 2004లో ప్రైడ్ ఆఫ్ అలోహా అయి, 2008లో మళ్లీ పాత పేరుకే వచ్చింది. అందుకే మీరు ఎక్కిన నాటి పేరే రాయండి, ఇప్పటి పేరు పక్కన అదనంగా ఇవ్వండి.

తేదీకి వస్తే, రేవుల వరుస గుర్తుంటే సగం పని అయినట్టే. ఆ కాలంలో కరీబియన్‌లో ఏడు రాత్రుల ఓడలు చాలావరకు ప్రతి వారం ఒకే రోజున, ఒకే రేవు నుంచి బయల్దేరేవి. సంవత్సరం, నెల, వారంలో ఏ రోజో తెలిస్తే నాలుగైదు తేదీలే మిగులుతాయి. ఫిల్ము కడిగించిన కవరు మీద తేదీ ఉంటుంది, ప్రయాణం దానికి కొద్ది వారాల ముందే జరిగి ఉంటుంది. పాత బ్రోషర్ల వెనక పేజీల్లో బయల్దేరే తేదీల పట్టికలుంటాయి, పాత వస్తువుల వేలం సైట్లలో వాటి బొమ్మలు కనబడతాయి. 1996 తర్వాతి ప్రయాణాలైతే వేబ్యాక్ మెషీన్‌లో (పాత వెబ్‌పేజీలు దాచిపెట్టే సైటు) ఆ కంపెనీ పాత వెబ్‌సైటు తెరిచి చూడండి.

డిజిటల్ ఫోటోల్లోని తేదీని గుడ్డిగా నమ్మకండి. బ్యాటరీ తీస్తే గడియారం మొదటికొచ్చే కెమెరాలు చాలా ఉండేవి. రేవులో తీసిన ఫోటో తేదీ ఆ ఓడ పట్టికతో కలిసిందా లేదా చూడండి.

లంగరుతాడు

తేదీ రాసేటప్పుడు నెలను అక్షరాల్లో రాయాలి. 04/07/1993 అంటే అమెరికా ఆఫీసులో ఏప్రిల్ 7, మిగతా చాలా చోట్ల జులై 4. తప్పు తేదీతో వెతికి లేదనేశారంటే, మళ్లీ అడిగినప్పుడు "ఇది ముందే చూశాం" అనే జవాబుతో మొదలవుతుంది.

అల_మీద_అల

ఓడ ఇప్పుడు వేరే కంపెనీ దగ్గరుంటే క్రెడిట్ ఎవరిని అడగాలి? మూతపడ్డ రినైసాన్స్ క్రూజెస్ ఆర్-ఓడల్లో (పేర్లు ఆర్ అక్షరంతో, అంకెతో ఉండేవి) చేసినవాటికి ఇప్పటి ఓషియానియా కంపెనీ ఇస్తుందా?

డెక్_ప్లాన్

ఇవ్వదు. లాయల్టీ బ్రాండుకు అతుక్కుని ఉంటుంది, ఓడకు కాదు. రినైసాన్స్ 2001 సెప్టెంబరులో దివాలా తీసింది. దాని ఎనిమిది ఓడలూ ఓషియానియా, ప్రిన్సెస్ మొదలైనవాళ్ల చేతుల్లోకి వెళ్లాయి. వాళ్లు కొన్నది ఉక్కును, పాత కంపెనీ ప్రయాణికుల జాబితాను కాదు. 1995లో మూతపడ్డ రీజెన్సీ, 2000లో ఆగిపోయిన ప్రీమియర్, 2020లో పోయిన క్రూజ్ అండ్ మారిటైమ్ వాయేజెస్ ప్రయాణాలను కూడా ఈ లెక్కలోకే వేసుకోండి.

బ్రాండు బతికి యజమాని మారితే కథ వేరు. క్రిస్టల్ 2022 జనవరిలో ఆగిపోయింది. బ్రాండునూ రెండు ఓడలనూ ఏ అండ్ కే ట్రావెల్ గ్రూపు కొన్నది, క్రిస్టల్ సొసైటీ అనే దాని లాయల్టీ కార్యక్రమంలోని పాత సభ్యుల హోదాను గుర్తించింది. కంపెనీ పేరు మాత్రమే మారితే అసలు సమస్యే లేదు. టికెట్టు మీద "నార్వేజియన్ కరీబియన్ లైన్స్" అని ఉన్నా అది ఇప్పటి నార్వేజియన్ క్రూజ్ లైనే, 1987లో పేరు మార్చుకుంది.

మధ్యరకం విలీనాలున్నాయి. సిట్మార్ కంపెనీని 1988లో ప్రిన్సెస్ యజమాని పీ అండ్ ఓ కొని ప్రిన్సెస్‌లో కలిపింది. ఫెయిర్‌విండ్ డాన్ ప్రిన్సెస్ అయింది, ఫెయిర్‌సీ ఫెయిర్ ప్రిన్సెస్ అయింది. హోమ్ లైన్స్‌ను అదే ఏడాది హాలండ్ అమెరికా కొన్నది. అడ్మిరల్ క్రూజెస్ 1988లో రాయల్ కరీబియన్‌తో కలిసింది. ఇలాంటి వాటిలో పేరు మారడానికి ముందు ప్రయాణమా, తర్వాతదా అన్నదే ముఖ్యం. తర్వాతదైతే హక్కుగా అడగండి. ముందుదైతే విడి ఉత్తరంలో మర్యాదగా అడగండి. రెండూ ఒకే ఉత్తరంలో పెడితే గట్టిది కూడా బలహీనమైన దానితో పాటే తిరిగొస్తుంది.

ఇంకో పొరపాటు తరచూ కనిపిస్తుంది. సెలబ్రిటీని రాయల్ కరీబియన్ 1997లో కొన్నది. కానీ సెలబ్రిటీలో చేసిన పాత ప్రయాణం దాని లాయల్టీ కార్యక్రమమైన క్యాప్టెన్స్ క్లబ్‌కే వెళ్తుంది, రాయల్ కరీబియన్ కార్యక్రమమైన క్రౌన్ అండ్ యాంకర్‌కు రాదు. ఈ గ్రూపులో 2024లో వచ్చిన స్టేటస్ మ్యాచ్ ఒక బ్రాండులోని హోదాకు ఇంకో బ్రాండులో సమానమైన హోదా ఇస్తుంది, అంతే. పాత ప్రయాణాన్ని ఏ బ్రాండులో చేశారో ఆ బ్రాండు ఖాతాలోనే ఎక్కించుకోవాలి. హోదా పెరిగితే మ్యాచ్ దానంతటదే అనుసరిస్తుంది.

బాల్కనీ_బేరం

ఇంత శ్రమ ఎప్పుడు గిట్టుబాటవుతుందో కూడా లెక్క వేసుకోండి. క్రౌన్ అండ్ యాంకర్‌లో ఇద్దరు పంచుకునే మామూలు క్యాబిన్‌కు రాత్రికి ఒక పాయింటు. హోదా మెట్లలో ప్లాటినమ్‌కు 30, ఎమరాల్డ్‌కు 55, డైమండ్‌కు 80, డైమండ్ ప్లస్‌కు 175, పినకిల్‌కు 700. 74 పాయింట్లున్నవారికి ఏడు రాత్రుల పాత క్రూజ్ ఖాతాలో చేరితే 81, నేరుగా డైమండ్. 90 ఉన్నవారికి అదే ప్రయాణంతో 97 అవుతుంది, ఈ రోజుకు ఏమీ మారదు. అయినా రుజువులున్నప్పుడే ఎక్కించుకోవడం మంచిది, కానీ తొందర లేదు. ఒంటరిగా ప్రయాణించేవారు 340 పాయింట్లనూ గుర్తుపెట్టుకోవాలి. అక్కడ ఒంటరి ప్రయాణికుల అదనపు ఛార్జీ తగ్గుతుంది.

ప్రిన్సెస్ లెక్క వేరు. అక్కడ క్రూజ్‌ల సంఖ్య, రోజుల సంఖ్య ఏది ముందు చేరితే అది. ఎలీట్ అనే పై హోదాకు 15 క్రూజ్‌లు లేదా 150 రోజులు అన్నది చాలాకాలంగా ఉన్న లెక్క. అంటే మూడు నాలుగు రోజుల చిన్న ప్రయాణం కూడా ఒక పూర్తి క్రూజ్‌గా పడుతుంది. పాత చిన్న ప్రయాణాలను వదిలేయకూడనిది ప్రిన్సెస్‌లోనే. పూర్తి సూట్‌లో ఉన్నా, ఒక్కరే మొత్తం క్యాబిన్ ఛార్జీ కట్టినా క్రూజ్ క్రెడిట్ రెండింతలు. కాబట్టి ఇన్‌వాయిస్‌లో క్యాబిన్ రకం, అదనపు ఛార్జీ కనిపించే పేజీని తప్పక జతచేయండి.

హాలండ్ అమెరికా లాయల్టీ కార్యక్రమమైన మెరైనర్ సొసైటీలో క్రూజ్‌ల సంఖ్య కాదు, రోజుల క్రెడిట్ లెక్క. 30, 75, 200, 500 దగ్గర నక్షత్రాలు పెరుగుతాయి.

అల_మీద_అల

1990లలో సూట్‌లో వెళ్తే ఇప్పటి రూలు ప్రకారం రాత్రికి రెండు పాయింట్లు అడగొచ్చా?

లంగరుతాడు

అడగొచ్చు గానీ దాని మీద పట్టుబట్టకండి. క్రౌన్ అండ్ యాంకర్ 2011 జనవరి వరకు రాత్రులను కాదు, క్రూజ్‌లనే లెక్కపెట్టేది. ముందు ప్రయాణం ఖాతాలోకి రానివ్వండి. సూట్ సంగతి, దాని రుజువుతో, రెండో ఉత్తరంలో. ఒకేసారి అడిగితే ఉద్యోగి పై అధికారికి పంపాలి, రెండూ ఆగిపోతాయి.

పాతకాగితం

ఉత్తరం నమూనా ఇది. ఇంగ్లీషులోకి మార్చి పంపండి. ఒక ఉత్తరంలో ఒకే బ్రాండు.

> విషయం: కనబడని పాత ప్రయాణాల నమోదు – సభ్యత్వ నంబరు ఫలానా
>
> నా ఖాతాలో కింది ప్రయాణం లేదు. దయచేసి చేర్చగలరు.
>
> పాస్‌పోర్టులో ఉన్నట్టు పూర్తి పేరు, బుకింగ్ నాటి పేరు, పుట్టినతేదీ, అప్పటి చిరునామా.
>
> ఓడ (అప్పటి పేరు), బయల్దేరిన తేదీ, రేవు, దిగిన తేదీ, రేవు, రాత్రులు, క్యాబిన్ నంబరు, రకం, బుకింగ్ లేదా ఫోలియో నంబరు, క్యాబిన్లో తోడున్నవారి పేరు, వారి సభ్యత్వ నంబరు, ఏజెన్సీ పేరు.
>
> జతచేసినవి: 1. ఖాతా బిల్లు 2. లగేజీ ట్యాగు

ఎన్నాళ్లుగా ఎంత నమ్మకంగా తిరుగుతున్నామో రాసే పేరాలు వద్దు. చదివేవారికి కావలసింది కంప్యూటర్లో కొట్టడానికి వీలైన ఒక వరుస. బొమ్మల ఫైళ్లకు ఓడ పేరు, సంవత్సరం కలిపి పేర్లు పెట్టండి. అన్నీ కలిపి ఒకే పీడీఎఫ్ చేసి, కొన్ని ఎంబీలు మించకుండా చూసుకోండి. పెద్ద ఫైళ్లను మెయిల్ సర్వరు వెనక్కి తోసేస్తుంది, మీకు జవాబూ రాదు, రాలేదన్న సంగతీ తెలియదు.

డెక్_ప్లాన్

ఓడ మీదున్న లాయల్టీ డెస్క్ దగ్గర ఈ పని అవుతుందా? సాధారణంగా అవ్వదు. ఇటీవలి క్రూజ్ ఒకటి పడకపోతే వాళ్లు చూడగలరు. పాతికేళ్ల కిందటివి ప్రధాన కార్యాలయానికి పంపుతారు. కాగితాలు అక్కడ ఇచ్చి మర్చిపోయే కన్నా ఇంటి నుంచే పంపడం మేలు. ప్రయాణానికి వారం ముందు పంపి, ఓడెక్కేసరికి హోదా మారాలంటే కుదరదు. బుకింగ్ చేసుకున్న వెంటనే మొదలుపెట్టండి.

క్రెడిట్ రాని ప్రయాణాలూ ఉంటాయి. మొత్తం ఓడను ఒక సంస్థ అద్దెకు తీసుకున్న చార్టర్లు, ఉద్యోగులకూ ఏజెంట్లకూ ఇచ్చే ఉచిత ప్రయాణాలు – వీటిని చాలా కార్యక్రమాలు లెక్కించవు, లేదా షరతులతో లెక్కిస్తాయి. డబ్బు కట్టి రాకపోయినవారికి ఏ కంపెనీ కూడా ఇవ్వదు. వెంటవెంటనే చేసిన రెండు క్రూజ్‌లు ఒకే బుకింగ్‌గా అమ్ముడయితే ఒక క్రూజ్‌గానే పడి ఉండొచ్చు. రాత్రుల లెక్కలో తేడా రాదు, సంఖ్య లెక్కపెట్టే చోట నష్టం. పిల్లలుగా చేసిన ప్రయాణాలు తల్లిదండ్రుల బుకింగ్‌లోనే ఉంటాయి, కాబట్టి తల్లిదండ్రుల సభ్యత్వ నంబరు ఇచ్చి అడగండి.

తెరచాప

చాలా ఉపయోగం. కాదన్నారనుకోండి, మళ్లీ అడగడం బాగుంటుందా?

దిక్సూచి_ఉత్తరం

బాగుంటుంది, కానీ అదే కాగితం మళ్లీ పంపడం దండగ. ఎందుకు కాదన్నారో ముందు అడగండి. "రికార్డు లేదు" వేరు, "రుజువు చాలదు" వేరు. రికార్డు లేదంటే తేదీని ఒక రోజు ముందుకు, ఒక రోజు వెనక్కి చూడమనండి. అర్ధరాత్రి దాటి బయల్దేరిన ఓడల దగ్గరా, ఓడెక్కిన రోజుకూ కదిలిన రోజుకూ తేడా ఉన్న చోటా ఇది తగులుతుంది. తోడున్నవారి పేరుతో కూడా వెతకమనండి. రుజువు చాలదంటే మాత్రం కొత్త కాగితం లేకుండా వెళ్లకండి. ఏజెన్సీ ఇంకా నడుస్తుంటే తమ లెటర్‌హెడ్ మీద బుకింగ్ ధ్రువీకరణ ఇవ్వమని అడగొచ్చు.

వ్యవస్థ మారుతోందని ప్రకటన వస్తే మాత్రం ఆలస్యం చేయకండి. కార్నివాల్‌లో 2012లో వీఐఎఫ్‌పీ అనే లాయల్టీ కార్యక్రమం వచ్చేదాకా లెక్క ప్రయాణాల మీద ఉండేది, తర్వాత రోజుకో పాయింటు అయింది. గోల్డ్‌కు 25, ప్లాటినమ్‌కు 75, డైమండ్‌కు 200. 2026 జూన్ నుంచి ఖర్చు మీద ఆధారపడే కార్నివాల్ రివార్డ్స్ వస్తుందని కంపెనీ ప్రకటించింది. ఇలాంటి మార్పుల్లో మార్పు రోజున ఖాతాలో ఏముందో దాన్నే కొత్త లెక్కలోకి మారుస్తారు. ఆ తర్వాత ఎక్కించిన పాత రోజులకు అదే విలువ వస్తుందని అనుకోకూడదు.

బాల్కనీ_బేరం

క్రెడిట్ పడ్డాక కూడా ఒకసారి సరిచూడండి. ఎనిమిది పగళ్లు, ఏడు రాత్రుల ప్రయాణాన్ని ఏడుగా వేశారా, ఎనిమిదిగా వేశారా, క్యాబిన్లో రెండోవారికి కూడా పడిందా. చాలాసార్లు అడిగినవారి ఖాతాలోనే వేస్తారు, భార్యదో భర్తదో అలాగే ఉండిపోతుంది. ప్రయాణాల జాబితా పేజీని తేదీతో సహా పీడీఎఫ్‌గా దాచుకుని, వాళ్ల జవాబు మెయిల్‌ను దానితోపాటే పెట్టుకోండి.

తెరచాప

సరే అండీ. ముందు ప్రొఫైళ్లు కలపమని రెండు కంపెనీలకూ విడివిడిగా రాసి, బిల్లు, లగేజీ ట్యాగు స్కాన్ చేసి పెట్టుకుంటాను. బిల్లు థర్మల్ కాగితమే, సగం వెలిసింది. 600 డీపీఐ అన్నారు కదా, ఫోన్‌తో తీస్తే సరిపోదా?

పాతకాగితం

ఫోన్ చాలు, ఫ్లాష్ మాత్రం వేయకండి. కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట, కాగితం వెనక నల్ల అట్ట పెట్టి తీయండి. తీసిన వెంటనే జూమ్ చేసి ఫోలియో నంబరు చివరి అంకెలు చదవగలుగుతున్నారో లేదో చూడండి. 3, 8 కలిసిపోయేది అక్కడే.